గడ్డకట్టని రక్తం: నల్లరేగడి తెలుగువారి నేల నుంచి ఒక చరిత్ర

1780లలో విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు పాములను పోగుచేసేవాడు. ఆయన తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ తరఫున ఆ ఊళ్ళో పెద్ద అధికారి. 1785లో కంపెనీ పాట్రిక్‌ను మద్రాసు వైపు ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. విషమున్న పాము ఏదో, లేనిది ఏదో తేల్చాలన్నది ఆయన పట్టుదల. పల్లెల వాళ్ళు తెచ్చిచ్చిన పాములను వాళ్ళు చెప్పిన పేర్లతోనే రాసుకున్నాడు. కోళ్ళ మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఒక భయంకరమైన పాము ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే కనిపిస్తుంది. మరుసటి ఏడాది దాని శాస్త్రనామంలో రసెల్ పేరు చేరింది. మనం రక్తపింజరి అంటున్నది దాన్నే. మదురై, కోయంబత్తూరు పల్లెల్లో తమిళులు కణ్ణాడి విరియన్ అంటారు.

రక్తం ఎలా గడ్డకడుతుందో, ఎందుకు గడ్డకట్టదో ప్రపంచం తెలుసుకున్న కథలో ఈ పాముకు పెద్ద పాత్ర ఉంది. ఆ కథను తమిళనాట స్థిరపడిన తెలుగువారి ఊళ్ళ నుంచి చెప్పాలని నా ప్రయత్నం. పాముకాటు, మేనరికం, తిండిలో లోపం, విషజ్వరం, రోజూ మింగే మాత్ర – రక్తాన్ని మార్చే ఈ కారణాలన్నీ ఆ ఊళ్ళలో ఒకచోటే కనిపిస్తాయి.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాక 72 పాళెయాల ఏర్పాటు జరిగింది. వాటిలో చాలావాటికి తెలుగువారే పాళెగాళ్ళు. వారి వెంట, వారి తర్వాత, కమ్మవారు, రాజకంబళం నాయకులు, దేవాంగులు, కోమట్లు, ఇంకా ఎన్నో కులాలవారు దక్షిణానికి తరలారు. మదురైకి దక్షిణాన కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న కరిసల్ అనే నల్లనేల, కోయంబత్తూరు చుట్టూ ఉన్న నల్లరేగడి, పత్తికి పనికొచ్చే భూములు. ముళ్ళకంపలు కొట్టి, బావులు తవ్వి ఆ మెట్టను సాగులోకి తెచ్చినవారిలో తెలుగు రైతులు ముఖ్యులు. ఆ వలసను కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ నవలలో తమిళంలో రాశారు. ఆయనది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్, ఇంట్లో మాట తెలుగు.

కొత్తగా కొట్టిన పొలంలో ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. నీరున్న చోట, వరి గట్ల మీద రక్తపింజరి. ఎండిన మెట్టలో, రాళ్ళ కింద దానికన్నా చాలా చిన్నదైన చిన్నపింజరి. రెండూ రక్తాన్ని దెబ్బతీసేవే. చెప్పుల్లేని కాళ్ళతో చీకట్లో చేనికి వెళ్ళే మనిషికి ఈ రెండింటితోనూ గండమే. జక్కమ్మను కొలిచే రాజకంబళం నాయకులకు మంత్రవిద్యలో, ముఖ్యంగా పాముకాటు మంత్రాల్లో పేరుండేది. తొట్టియర్లన్న పేరుతో బ్రిటిష్ కాలపు గ్రంథాలు వారిని వర్ణించినప్పుడు ఈ సంగతి కూడా ఎక్కింది. ఇతర కులాలవారు కూడా కాటు పడగానే వారి గుమ్మం తొక్కేవారు.

ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టంలేదు. ఎందుకంటే దానికొక కారణం కనిపిస్తుంది. కరిచే పాముల్లో ఎక్కువ భాగానికి విషమే ఉండదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. అలాంటి మనిషి ఏ మంత్రానికైనా బతుకుతాడు. ఇక పింజరి కాటులో మనిషి వెంటనే పడిపోడు. కాలు వాస్తుంది, నొప్పి ఉంటుంది, కానీ మాట్లాడతాడు, నడుస్తాడు. మంత్రం వేయించుకుని ఇంటికెళ్ళి, కొన్ని గంటల తర్వాత చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటేనో, మూత్రం ఎర్రగా వస్తుంటేనో అసలు సంగతి బయటపడుతుంది. ఆ మధ్య గడిచిన గంటలే ప్రాణానికి ఖరీదు.

మంత్రం పక్కనే మందులూ ఉండేవి. రసెల్ కాలంలో ‘తంజావూరు మాత్ర’కు పాముకాటు మందుగా గొప్ప పేరు. దానిలో పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉండేది. రసెల్ దాన్ని పరీక్షించి చూశాడు. ఆ మాత్రకు ఉన్న కీర్తికి తగ్గ ఫలితం దొరకలేదు. దీనికి చాలా ముందే సుశ్రుతుడు రక్తస్రావాన్ని ఆపడానికి నాలుగు మార్గాలు చెప్పాడు: సంధానం, స్కందనం, పాచనం, దహనం. వగరు కషాయాలతో గాయాన్ని కలపడం, చల్లదనంతో రక్తాన్ని చిక్కబరచడం, భస్మంతో ఆరబెట్టడం, కాల్చి నరాన్ని ముడుచుకునేలా చేయడం. గాయం బయట కనిపించినప్పుడు ఇవన్నీ అర్థమున్న పద్ధతులే. ఒంట్లో రక్తమంతా గడ్డకట్టే గుణం పోగొట్టుకున్నప్పుడు మాత్రం వీటితో పనికాదు.

అలా పోగొట్టుకోవడం వెనక ఉన్న వింతను 18వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త ఫెలిస్ ఫొంటానా చూశాడు. పింజరి జాతి పాము విషాన్ని జంతువు రక్తనాళంలోకి నేరుగా ఎక్కిస్తే రక్తం అక్కడే గడ్డకట్టి జంతువు చనిపోయింది. మరి కాటు తిన్న మనిషిలో రక్తం ఆగకుండా కారుతుందెందుకు? రెండూ నిజమే. రక్తపింజరి విషం గడ్డకట్టే పనిని అదుపు లేకుండా మొదలుపెడుతుంది. కాటులో కొద్దికొద్దిగా రక్తంలో కలిసే విషం గడ్డకట్టడానికి కావలసిన సరుకునంతా ఖర్చుచేయిస్తుంది. విత్తనాలకని దాచిన గింజలు కూడా ఒకే పూట వండి పారేసిన ఇల్లులా, శరీరం దగ్గర ఫైబ్రినోజన్ అనే అసలు పదార్థం మిగలదు. అప్పుడు సూది గుచ్చిన చోట కూడా రక్తం ఆగదు. కిడ్నీలు దెబ్బతింటాయి. బతికి బయటపడ్డ కొందరిలో మెదడు కింది పీయూష గ్రంథి పాడై, ఏళ్ళ తరబడి నీరసం వెంటాడుతుంది.

1934లో ఇంగ్లండ్‌లో మెక్‌ఫర్లేన్ అనే యువ వైద్యుడు, లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపాల బాధ్యుడు బర్గెస్ బార్నెట్ కలిసి ఈ గుణాన్ని మందుగా మార్చారు. హీమోఫీలియా ఉన్నవారికి పన్ను పీకితే రోజుల తరబడి రక్తం ఆగదు. పన్ను పీకిన గుంటలో బాగా పలచబరిచిన రక్తపింజరి విషాన్ని దూదితో అద్దితే ఆగింది. స్టిప్‌వెన్ అనే పేరుతో అది మందుల షాపుకు చేరింది. అదే మెక్‌ఫర్లేన్ 1964లో, రక్తంలోని అంశాలు ఒకదాన్ని ఒకటి మేల్కొలుపుతూ గొలుసుగా పనిచేస్తాయని రాశాడు. అదే ఏడాది అమెరికాలో డేవీ, రాట్నాఫ్ కూడా ఈ మాటే చెప్పారు. ఆ గొలుసులో దారులన్నీ కలిసే చోట ఫ్యాక్టర్ 10 ఉంది. రక్తపింజరి విషం పైమెట్లన్నీ దాటేసి నేరుగా దాన్ని కదిలిస్తుంది. ఇవాళ కాళ్ళ నరాల్లో గడ్డలకు, గుండె లయ తప్పినవారికి డాక్టర్లు రాస్తున్న రివరోక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు అడ్డుకునేది కూడా ఆ ఫ్యాక్టర్ 10నే.

పల్లె ఆసుపత్రికి ఈ శాస్త్రమంతా ఒక గాజు గొట్టం రూపంలో చేరింది. కాటు తిన్నవారి నరం నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. రక్తం పారిందంటే పింజరి విషం పనిచేస్తోంది, విరుగుడు ఎక్కించాలి. గొట్టం ప్లాస్టిక్‌దై ఉండకూడదు, ఎందుకంటే రక్తాన్ని గడ్డకట్టమని పురిగొల్పేది గాజు ఉపరితలమే. సబ్బు వాసన మిగిలినా ఫలితం తప్పుతుంది. విరుగుడు ఇచ్చాక 6 గంటలకొకసారి మళ్ళీ చూడాలి. విషం విరిగినా లివర్ కొత్త అంశాలను తయారుచేయడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. కరెంటు లేకపోయినా జరిగే పరీక్ష ఇది. విరుగుడు మందుకు కావలసిన విషాన్ని దేశంలో ఎక్కువగా అందిస్తున్నది చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరులర్ల సహకార సంఘం. దీన్ని ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. పాములు పట్టడమే బతుకుగా ఉన్న ఆదివాసులు, తోలు వ్యాపారం ఆగిపోయాక, అదే నేర్పుతో దేశానికి ప్రాణదాతలయ్యారు.

గొలుసు కథ ఇది. ప్లేట్‌లెట్ల కథ వేరు. 1882లో ఇటలీకే చెందిన బిజ్జొజెరో, తెగిన రక్తనాళం దగ్గర మొదట చేరి అతుక్కునేవి ఈ సూక్ష్మమైన బిళ్ళలేనని చూపించాడు. మైక్రోలీటరు రక్తంలో ఇవి మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉంటాయి. ఈ అంకె తెలిశాక వైద్యులు, వారి వెనకే జనం, అంకెనే రోగంగా చూడడం మొదలుపెట్టారు. 1918లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గ్లాంజ్‌మన్ ఆ అలవాటుకు ఎదురు సాక్ష్యం చూపించాడు. ఆయన చూసిన పిల్లల్లో ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి, అయినా ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం ఆగేది కాదు. ప్లేట్‌లెట్ పైన ఫైబ్రినోజన్‌ను పట్టుకునే ఒక ప్రోటీన్ పుట్టుకతోనే లేకపోవడమో, చెడిపోయి ఉండడమో దీనికి కారణమని తర్వాత తెలిసింది. పట్టుకునే ప్రోటీన్ లేకపోతే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవు.

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి, తండ్రి నుంచి, ఇద్దరి నుంచీ చెడిన జన్యువు రావాలి. ఇక్కడే మన ఊళ్ళు గుర్తొస్తాయి. ఉత్తరాన ఉన్న తెలుగునేల నుంచి వచ్చి, పరభాష మధ్య చిన్న గుంపుగా ఉండి, పొలం చేయి దాటకూడదని, పిల్ల ఊరు దాటకూడదని మేనరికాన్ని మరింత గట్టిగా పట్టుకున్నారు మదురై, కోయంబత్తూరు తెలుగువారు. మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం 8లో 1 వంతు. మేనత్త కొడుకు, మేనమామ కూతురైతే 16లో 1 వంతు. ఇప్పటికీ తమిళనాడులో, ఆంధ్రలో నాలుగో వంతు పెళ్ళిళ్ళు దగ్గరి చుట్టాల్లోనే జరుగుతున్నాయి. గ్లాంజ్‌మన్ చెప్పిన జబ్బు మీద దేశంలో లోతుగా పనిచేసిన చోట్లలో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ఒకటి. ఆడపిల్ల పెద్దమనిషయిన మొదటి నెలలో రక్తం ఆగకపోతే, దాన్ని ఒంటి వేడి అనో, దిష్టి అనో సరిపెట్టుకున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయో! ఆ బిడ్డకు ప్లేట్‌లెట్ కౌంట్ చేయిస్తే అంకె సరిగ్గానే వస్తుంది. సరిగ్గా వచ్చిందని ఇంటికి పంపిస్తే ఆ తప్పుకు మూల్యం ఆ బిడ్డే చెల్లిస్తుంది.

ఇప్పుడు చిన్నపింజరి దగ్గరికి మళ్ళీ రావాలి. కరిసల్ మెట్టలో రాయి కింద చుట్టుకుని ఉండే ఆ జాతి పాము విషం నుంచి 1988లో ఎకిస్టాటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను వేరుచేశారు. అది ప్లేట్‌లెట్ మీద ఏం చేస్తుందని చూస్తే, గ్లాంజ్‌మన్ పిల్లల్లో లేని ఆ ప్రోటీన్‌నే మూసేస్తోంది. దాని నమూనా చూసుకుని రసాయన శాస్త్రజ్ఞులు టిరోఫిబాన్ అనే మందు తయారుచేశారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెపోటుతో వచ్చిన మనిషికి రక్తనాళంలో గడ్డ పెరగకుండా కొన్ని గంటలపాటు ఎక్కించే మందు అది. జన్యులోపం, పాము విషం, ఆసుపత్రి మందు, మూడూ ఒకే ప్రోటీన్ దగ్గర కలిశాయి. బిడ్డకు పుట్టుకతో వచ్చిన కష్టాన్ని అర్థం చేసుకోవడం వల్లే పెద్దవాళ్ళ గుండెకు మందు దొరికింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి ఇదే.

పాత తెలుగు స్థావరాల్లో దాగిన జన్యువు మందు వల్ల బయటపడిన ఉదాహరణ కోయంబత్తూరులోనే ఉంది. అది గడ్డకట్టడానికి సంబంధించింది కాకపోయినా రక్తానికి సంబంధించిందే. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ కోసం సక్సమిథోనియం అనే సూది ఇస్తే, కొద్ది నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటల తరబడి రాదు. ఆ మందును విరిచే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వారి రక్తంలో పనిచేయకపోవడమే కారణం. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన బూపతి బృందం, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, ఈ లోపం వెనక ఉన్న జన్యుమార్పును వైశ్యుల్లో గుర్తించి 2006, 2007 ప్రాంతంలో ప్రచురించింది. మామూలుగా ఈ మనుషులు పూర్తి ఆరోగ్యవంతులు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, ప్రమాదమేమీ ఉండదు. తెలియకపోతే ప్రాణాల మీదికొస్తుంది. రక్తస్రావపు జబ్బుల విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. పన్ను పీకేదాకా, కాన్పు అయ్యేదాకా కొందరికి తమ ఒంట్లో లోపం ఉందనే తెలియదు.

కోయంబత్తూరు నుంచి కొండ ఎక్కితే కూనూరు. 1907లో అక్కడ పాశ్చర్ సంస్థ మొదలైంది. 1929లో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు అక్కడికి వచ్చింది. బొంబాయిలో గర్భిణులైన పేద స్త్రీలకు వస్తున్న ప్రమాదకరమైన రక్తహీనతకు తిండిలోని లోపమే కారణమని ఆమె అనుమానం. ఈస్ట్ సారంతో అది నయమవుతుందని ఆమె నిరూపించింది. ఆ సారంలోని గుణం ఫోలిక్ యాసిడ్‌దని తర్వాత తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ సంస్థ. అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఎర్రకణాలతో పాటు ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి, ఎముక మజ్జలో రెండూ కలిసే పుడతాయి కనుక. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌కు విరోధులైన మందులను కూడా తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదానితో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి ఇస్తారు. దాన్ని పొరపాటున రోజూ మింగినవారికి నోరంతా పుళ్ళు పడి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ప్రాణం మీదికొచ్చిన ఘటనలు వైద్యులందరికీ తెలుసు.

మిగతా మందుల చరిత్ర అందరికీ ఎంతో కొంత తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. కుళ్ళిన స్వీట్‌క్లోవర్ గడ్డి తిని పశువులు రక్తస్రావం ఆగక చనిపోవడం నుంచి డైకుమరాల్, దాని నుంచి 1948లో ఎలుకల మందుగా వార్ఫరిన్, 1954 నుంచి అదే మనుషులకు. అది విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. కనుక ఒక వారం రోజూ మునగాకు, తోటకూర తిని తర్వాతి వారం మానేస్తే మోతాదు లెక్క తప్పుతుంది. ఆస్పిరిన్ 1897లో పుట్టినా, అది ప్లేట్‌లెట్లను ఎలా నిలువరిస్తుందో జాన్ వేన్ 1971లో చెప్పేదాకా తెలియలేదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, పాడైన ఎంజైమ్‌ను అది మళ్ళీ చేసుకోలేదు. అందుకే ఒక్క మాత్ర ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికే 7 నుంచి 10 రోజులూ ఉంటుంది. అంకె మాత్రం చెక్కుచెదరదు.

ఇక పాషాణం సంగతి. తంజావూరు మాత్ర పాముకాటుకు పనికిరాలేదు. కానీ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఒకటుంది. దానిలో రోగి ఎక్కువగా చనిపోయేది గడ్డకట్టే గుణం పోయి, పింజరి కాటు తిన్నవాడిలా రక్తం కారి. చైనా వైద్యులు మొదలుపెట్టిన ఆర్సెనిక్ చికిత్సను వెల్లూరు వైద్యులు ఆ జబ్బుకు ఒంటరి మందుగా వాడి, ఖరీదైన మందులు కొనలేని రోగుల్లో మంచి ఫలితాలు సాధించి, 2006లో ప్రచురించారు. పాత మాత్ర చేసినవారికి ఇది తెలిసే అవకాశం లేదు. రెండింటికీ సంబంధం ఉందని నేను అనడంలేదు. కాలం, మోతాదు, జబ్బు సరిగ్గా తెలిసినప్పుడు విషం మందవుతుందనడానికి ఇంత దగ్గర్లో ఇంకో సాక్ష్యం దొరకదు.

డెంగీ సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. వానలు పడగానే మదురైలోనైనా కోయంబత్తూరులోనైనా ఒకటే మాట: ప్లేట్‌లెట్ కౌంట్ పడిపోయింది. నేలవేము కషాయం, బొప్పాయి ఆకు రసం, రక్తనిధి ముందు బంధువుల పరుగు. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గడం నిజమే. వైరస్ మజ్జను అణచివేస్తుంది, ఉన్నవాటిని శరీరమే త్వరగా తొలగిస్తుంది. కానీ ఎక్కువ మందిని చంపేది రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి రక్తపోటు పడిపోవడం. అది కౌంట్‌లో కనిపించదు. రక్తం చిక్కబడిందా, కడుపు నొప్పి ఉందా, వాంతులు ఆగడంలేదా, చేతులు చల్లబడ్డాయా అన్నదే చూడాలి. సింగపూర్, మలేషియాలలో 372 మంది పెద్దవాళ్ళపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు కనిపించలేదు. ఎదురుగా ఇంకో సంగతి ఉంది. వెల్లూరులో రక్తదానం చేసిన బెంగాలీల్లో చాలామందికి కౌంట్ తక్కువగా, ప్లేట్‌లెట్లు పెద్దవిగా ఉండడం 2002లో బయటపడింది. వారికి రక్తస్రావమూ లేదు, జబ్బూ లేదు. తక్కువ అంకెతో హాయిగా బతికేవారున్నారు, నిండు అంకెతో రక్తం ఆగని పిల్లలున్నారు.

మళ్ళీ పాముకాటుకు వస్తే, దేశంలో 2000 నుంచి 2019 దాకా దానితో 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం 2020లో లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మంది పల్లెవారే. 2024లో తమిళనాడు ప్రభుత్వం పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుగా ప్రకటించింది. కాటు పడితే గాయం కోయకుండా, తాడు బిగించకుండా, కాలు కదపకుండా తిన్నగా విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మంత్రం మీద నమ్మకమున్నవారు అది ఆసుపత్రి మంచం పక్కనే వేయించుకోవచ్చు.

కోయంబత్తూరు, మదురై జిల్లాల్లో నాయుడు సంఘాలున్నాయి, ఆర్యవైశ్య సభలున్నాయి, దేవాంగ సంఘాలున్నాయి. కల్యాణ మండపాలు కట్టాయి, కాలేజీలు కట్టాయి, ఆసుపత్రులు కూడా కట్టాయి. పెళ్ళి సంబంధాల పట్టికలో గోత్రం, నక్షత్రం అడిగే చోట మరో రెండు ప్రశ్నలు చేర్చమని ఆ సంఘాల పెద్దలను వేడుకుంటున్నాను. ఈ ఇంట్లో పన్ను పీకినప్పుడు, కాన్పప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఎవరికైనా రక్తం ఆగలేదా? మత్తు ఇచ్చాక ఎవరికైనా మెలకువ రావడం ఆలస్యమైందా? అవునని జవాబిచ్చిన ఇంటివారిని దోషులుగా చూడకుండా, పిల్లలిద్దరినీ ఒకసారి రక్తపరీక్షకు పంపండి.